చెల్లని ఓట్లు

ఐర్లండు అంటే మన పాత తరంవారికి ఒక అభిమానం. సామ్రాజ్యం గుమ్మం ముందే వుండి సామ్రాజ్యాన్ని ఎదిరించిన దేశమని. 1913లో న్యాయశాస్త్రం చదవటానికి డబ్లిన్ వెళ్ళిన వి.వి. గిరిగారు అక్కడి జాతీయవాదులతో చేతులు కలిపి, తిరుగుబాటు జరిగిన 1916లోనే ఆ దేశం విడిచి రావలసివచ్చింది. వచ్చినతర్వాత ఆయన కార్మికోద్యమంలో దిగారు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ఒరవడి 1937 నాటి ఐరిష్ రాజ్యాంగమే. నేనూ ఈ అభిమానంతోనే పెరిగాను. అందుచేత, నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు పైచదువుకు డబ్లిన్ వెళుతున్నానని చెప్పినప్పుడు నాకే సీటు దొరికినంత సంబరపడ్డాను.

2024 నవంబరులో అక్కడ సాధారణ ఎన్నికలు జరుగుతున్నప్పుడు అతనితో ఫోనులో మాట్లాడాను. ఎలా వుంది ఎన్నికల సందడి అని అడిగాను. "సందడేమీ లేదు మాస్టారూ. మా ఇంటి యజమానురాలిని ఎవరికి వేస్తారమ్మా అని అడిగితే, ఆ ఇద్దరిలో ఎవరికి వేసినా ఇద్దరూ కలిసే వస్తారుగా నాయనా, అంది" అన్నాడు.

ఆ ముసలావిడ ఒక్క మాటలో వందేళ్ళ చరిత్ర చెప్పిందనిపించింది. 1921 నాటి ఒడంబడికను ఒప్పుకున్నవారూ, ఒప్పుకోనివారూ 1922-23లో అంతర్యుద్ధం చేసుకున్నారు. ఒప్పుకోనివారిలోనుంచి 1926లో ఫియన్నా ఫాయిల్ పుట్టింది. ఒప్పుకున్నవారి వారసత్వంతో 1933లో ఫినె గేల్ పుట్టింది. అప్పటినుంచీ ఆ దేశపు ప్రధానులందరూ ఈ రెండు పార్టీలవారే. తాత ఏ తుపాకి పట్టాడన్నదాన్నిబట్టి మనుమడు ఓటు వేసేవాడు. భూమి ఎవరిది, ఇల్లు ఎవరిది, కూలి ఎంత అనే ప్రశ్నలమీద ఈ రెంటికీ వున్న తేడా స్వల్పం. ఆ స్వల్పమైన తేడాను పాత నెత్తుటి జ్ఞాపకం కప్పిపుచ్చింది. 2020లో రెండూ కలిసి, గ్రీన్ పార్టీని తోడు తీసుకుని, ప్రభుత్వం ఏర్పాటు చేసి, ప్రధాని పదవిని వంతులవారీగా పంచుకున్నాయి. ముసుగు తొలగింది. తొలగినప్పుడు జనం ఆశ్చర్యపోలేదు. అదే అసలు విషాదం.

నమ్మకం పోవటం ఒక్కరోజున జరగలేదు. 2008 సెప్టెంబరులో, ఒక్క రాత్రిలో, ప్రభుత్వం బ్యాంకుల అప్పులకు పూచీ పడింది. భూముల బేరాలతో బలిసి కూలిపోయిన బ్యాంకులవి. 2010లో 8,500 కోట్ల యూరోల సహాయ పథకానికి లోబడి, ఆస్పత్రులనూ జీతాలనూ కోసుకోవలసివచ్చింది. 2011లో జనం శిక్ష విధించారు: 2007లో 77 స్థానాలు గెలిచిన ఫియన్నా ఫాయిల్ 20కి పడిపోయింది. అయితే ఆ కోపం ఎవరి చేతికి వెళ్ళింది? ఫినె గేల్ చేతికి. కార్మికుల పేరు పెట్టుకున్న లేబర్ పార్టీ 37 స్థానాలతో ఆ ప్రభుత్వంలో చేరి, అదే కోతలకు తలవూపింది. 2016లో 7 స్థానాలు మిగిలాయి. 2020లో 12 స్థానాలున్న గ్రీన్ పార్టీకి 2024లో ఒక్కటి మిగిలింది. పెద్దవారి ఇంట్లో పనికి కుదిరిన చిన్నవారే ప్రతిసారీ దెబ్బలు తిన్నారు. పెద్దవారు మళ్ళీ లేచి కూర్చున్నారు.

2020లో షిన్ ఫేన్ పార్టీకి నూటికి 24కు పైగా తొలి ఓట్లు వచ్చినప్పుడు, ఇక మార్పు వచ్చినట్టే అనుకున్నవారిలో నేనొకణ్ణి. 2024కు ఆ పార్టీ బలం నూటికి 19కి దిగింది. ఫియన్నా ఫాయిల్ 48, ఫినె గేల్ 38 స్థానాలతో, కొందరు స్వతంత్రుల మద్దతుతో, 2025 జనవరిలో మళ్ళీ గద్దె ఎక్కాయి. 2011లో నూటికి 70 మంది ఓటు వేయగా, 2024లో 60 మందైనా వేయలేదు.

వారికి రాజకీయాలు పట్టవని దీనికి అర్థం చెప్పటం తేలిక. కాని అది అబద్ధం. 2015లో స్వలింగ వివాహాల హక్కుకు నూటికి 62 మంది, 2018లో గర్భస్రావంపై నిషేధాన్ని తొలగించటానికి 66 మంది ఓటు వేశారు. ఓటు వేయటానికి విదేశాలనుంచి తిరిగి వచ్చినవారున్నారు. తమ బ్రతుకు మారుతుందని తెలిసినచోట జనం కదులుతారు. మారదని తెలిసినచోట ఇంట్లో కూర్చుంటారు. ఇది బద్ధకం కాదు, అనుభవం.

ఇల్లు అనే ఒక్క ప్రశ్న చూడండి. 2025లో ప్రభుత్వపు లెక్కల ప్రకారమే తాత్కాలిక వసతుల్లో తలదాచుకున్న నిరాశ్రయులు 16 వేలు దాటారు. వారిలో 5 వేల మందికి పైగా పిల్లలు. 1919 జనవరిలో తొలి ఐరిష్ శాసనసభ ఆమోదించిన ప్రజాస్వామిక కార్యక్రమం, తిండీ బట్టా నీడా లేక ఏ బిడ్డా బాధపడకుండా చూడటమే ప్రభుత్వపు మొదటి విధి అని ప్రకటించింది. పోనీ, డబ్బు లేక చేయలేదందామా? ఆపిల్ కంపెనీనుంచి 1,300 కోట్ల యూరోల పన్ను వసూలు చేసుకోమని 2016లో యూరోపియన్ కమిషన్ ఆదేశిస్తే, మాకు వద్దని ఐరిష్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2024 సెప్టెంబరులో ఓడిపోయి ఆ డబ్బు తీసుకోవలసివచ్చింది. తనకు రావలసిన సొమ్ము వద్దని వ్యాజ్యమాడే ప్రభుత్వం తమది కాదని సామాన్యుడు అనుకుంటే, తప్పు పట్టగలమా?

ఇదంతా నేను ఆ కుర్రవాడికి ఉపన్యాసంగా చెప్పాను. మోసపోయిన జనం మేలుకుంటారనీ, ఈ నిరాశ గర్భంలోనే కొత్త రాజకీయం వుందనీ, తరగతిలో చెప్పే ధోరణిలోనే చెప్పాను. అతను ఓపికగా విని, "మాస్టారూ, ఆ మేలుకున్న కోపం ముందుగా మా తలుపే తట్టింది" అన్నాడు.

ఆ తర్వాత నాకు మాట రాలేదు. 2023 నవంబరు 23న డబ్లిన్ నడివీధుల్లో బస్సులు తగలబెట్టినవారు పరాయివాళ్ళు పొమ్మని కేకలు వేశారు. 2025 జూలైలో శివారు పట్టణమైన టాలాలో ఒక భారతీయునిమీద మూక దాడి చేసింది. మరికొన్ని దాడులు జరిగాయి. ఆగస్టులో జరగవలసిన భారత దినోత్సవాన్ని వాయిదా వేశారు. ఇల్లు దొరకని ఐరిష్ యువకుడికి, ఒక్క గదిలో నలుగురు సర్దుకుంటున్న మన కుర్రవాడే ఇల్లు దోచుకున్నవాడిగా కనిపిస్తున్నాడు. అద్దె పుచ్చుకునేవాడు ఇద్దరికీ కనిపించడు. నిరాశ దానంతట అది ఎడమకు నడవదు. ముందు ఎవరు చెయ్యి పట్టుకుంటే వారివెంట పోతుంది. నా పాఠంలో లోపించిన వాక్యం అది.

2025 అక్టోబరులో అధ్యక్ష ఎన్నిక జరిగింది. అక్కడి ఓటరు ఒక్క పేరు ఎదుట గుర్తు పెట్టి వూరుకోడు. 1, 2, 3 అని తన ఇష్టాన్ని వరుసగా రాస్తాడు. ఈసారి 2 లక్షల 13 వేలకు పైగా ఓటర్లు ఆ కాగితాన్ని చెల్లకుండా పాడుచేశారు. పోలైన ఓట్లలో అవి నూటికి సుమారు 13. నినాదాలు రాసినవారున్నారు, పోటీకి అర్హత దొరకని మనిషి పేరు రాసినవారున్నారు. పరదేశులమీద ద్వేషం కక్కినవారూ వున్నారు. అదే ఎన్నికలో, వామపక్షాలన్నీ చాలాకాలానికి ఒక్క అభ్యర్థి వెనుక నిలిచాయి. కాథరిన్ కొనలీ చెల్లిన ఓట్లలో నూటికి 63తో గెలిచింది. అధ్యక్ష పదవికి పరిపాలనాధికారం లేదన్నదీ, ఓటర్లలో సగం మందైనా రాలేదన్నదీ మరచిపోకూడదు. అయినా, కలిసి నిలిస్తే జనం వస్తారని ఆ పార్టీలకు మొదటిసారి తెలిసింది.

నా ఆలోచన ఆ చెల్లని ఓట్ల చుట్టూనే తిరుగుతున్నది. పనిమానుకుని, పోలింగు కేంద్రందాకా నడిచి, వరుసలో నిలబడి, కాగితం పాడుచేసి వచ్చినవాడు ఆశ పూర్తిగా వదులుకున్నవాడు కాడు. అతను ఇంకా ఎవరితోనో మాట్లాడాలనుకుంటున్నాడు. ఏమి మాట్లాడాలో ఎవరు నేర్పుతారన్నదే ప్రశ్న. ఆదేశిక సూత్రాలతోపాటు, కోర్టులో అడగడానికి వీల్లేదన్న షరతు కూడా ఆ దేశంనుంచే మనకు వచ్చింది. కోర్టులో అడగలేనిదాన్ని ఎన్నికలలో అడగాలి. ఎన్నికలూ సమాధానం చెప్పకపోతే, వీధిలో పక్కింటివాణ్ణి అడుగుతారు, రాయి పట్టుకుని.

మొన్న ఆ కుర్రవాడు మళ్ళీ ఫోను చేశాడు. స్థానిక ఎన్నికలలో అక్కడ నివసించే పరదేశీయులకూ ఓటు వుంది. 2024 జూనులో అద్దెదారుల తరఫున నిలబడిన మనిషికి తాను ఓటు వేశాననీ, ఆమె ఓడిపోయిందనీ, ఇప్పుడు వారి సమావేశాలకు వెళుతున్నాననీ చెప్పాడు. ఇంటి యజమానురాలికి ఈ సంగతి తెలుసా అని అడిగాను. "మొన్న ఆవిడ కూడా వచ్చి వెనక బల్లమీద కూర్చుంది మాస్టారూ" అన్నాడు.