అట్ట మీది బొమ్మ

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఎండెక్కక ముందే వెళ్లా. గైడ్ల గుట్ట అడుగున డెబ్బైల నాటి చందమామ. మూలన వ.పా. సంతకం, అంటే వడ్డాది పాపయ్య బొమ్మ. ఇంకేం బేరమాడతాను? అడిగినంతా ఇచ్చేశా. అట్ట మీద ఎవరో పిల్లాడు సిరాతో పేరు రాసుకున్నాడు. 5వ తరగతి, బి సెక్షన్. ఇప్పుడెక్కడున్నాడో...

4 ఫిబ్రవరి, మంగళవారం

రాత్రి భూతద్దంతో చూశా. అట్ట మీది రాకుమారి చీరంచులో అన్నీ చుక్కలే. నీలం, ఎరుపు, పసుపు, నలుపు. ఎరుపు మాత్రం వెంట్రుకవాసి పక్కకి జరిగింది. అద్దం తీసేస్తే మళ్లీ ఆ అరమోడ్పు కళ్లు, ఆ బుగ్గలో సిగ్గు. శ్రీకాకుళం మనిషి కుంచె, మద్రాసు అచ్చు. ఎన్ని ఊళ్లు తిరిగిందో ఈ సిగ్గు.

9 ఫిబ్రవరి, ఆదివారం

మళ్లీ ఆబిడ్స్. ప్లాస్టిక్ కవర్లలో వరసగా అట్టలే. చింపినవి. యువ పత్రిక దీపావళి సంచికలవి కూడా.

"అందరూ ఫ్రేములకే అడుగుతున్నారు సార్. లోపలి పేజీలు ఎవరిక్కావాలి?"

శంకర్ గీసిన విక్రమార్కుడు, చెట్టు మీది శవం, ఫోటో వ్యాఖ్యల పోటీ... అన్నీ తూకానికేనా? కొనడానికి చేతులు రాలేదు.

12 ఫిబ్రవరి, బుధవారం

ఫ్రేముల షాపు. పిన్నులు పీకి, అట్ట విడదీసి, అట్టముక్కకి జిగురుతో అంటిస్తే నీటుగా ఉంటుందట. వద్దన్నా. స్కాన్ తీయించా. పిల్లాడి పేరు చెరిపెయ్యనా అన్నాడు. ఉండనీ అన్నా. పిన్నుల చుట్టూ తుప్పు మాత్రం పాకుతోంది. దానికేం చెయ్యాలి?

16 ఫిబ్రవరి, ఆదివారం

కాపీ హాల్లో తగిలించా. పుస్తకం బీరువాలో, పొడిగా. అమ్మ బొమ్మని చాలాసేపు చూసింది.

"దీని కథేదిరా?"

పుస్తకం తీసిచ్చా. మధ్యాహ్నం అమ్మ పడుకోలేదు.

23 ఫిబ్రవరి, ఆదివారం

సాయంత్రం ఎండ సరిగ్గా ఆ గోడ మీదే పడుతోంది. పడనీ. వెలిసిపోతే ఇంకో కాపీ తీయిస్తా. అసలుది అలా కాదు. 1947 జులైలో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. ఉన్న సంచికలే ఉన్నాయి. గోడ కోసం వాటిని చింపకూడదు.