అకామా రాలేదు

మాది విశాఖపట్నం దగ్గర యారాడ. కొండ దాటితే సింధియా, షిప్‌యార్డు. అక్కడే కాంట్రాక్టరు కింద వెల్డింగు నేర్చుకుని, పైపుల మీద చేసే 6జీ టెస్టు పాసై, 2015లో సౌదీలోని జుబైల్ వెళ్ళాను. నన్ను తీసుకున్నది పెట్రోకెమికల్ ప్లాంట్లకి మనుషుల్ని పంపే సప్లై కంపెనీ. వీసాలో వెల్డర్ అనే ఉంది. ఏజెంటు చెప్పిన జీతమే కాంట్రాక్టులోనూ ఉంది. అక్కడిదాకా తేడా ఏమీ లేదు.

దిగగానే పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. మెడికల్ చేయించి, వేలిముద్రలు వేయించి, అకామా వస్తుందన్నారు. సౌదీలో బయటివాడు ఉండాలన్నా, పని చెయ్యాలన్నా ఆ కార్డే ఆధారం. వచ్చిన 90 రోజుల్లోపు యజమానే తీయించాలి. మాకు తీయించలేదు. అడిగితే క్యాంపు బాసు రేపు అనేవాడు, ఎల్లుండి అనేవాడు.

కార్డు లేని బతుకు ఇక్కడివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ప్లాంటు గేటుపాసు అకామా మీదే ఇస్తారు. కాబట్టి ఓవర్‌టైము దొరికే షట్‌డౌన్ పనులకి మేం పనికిరాం. ఊరి చివర షెడ్డులో ఫ్యాబ్రికేషన్, అదీ పనుంటేనే. బ్యాంకు ఖాతా లేదు. ఇంటికి డబ్బు పంపాలంటే కార్డున్నవాడి పేరు మీద పంపాలి. శుక్రవారం బజారుకి వెళ్ళాలన్నా చెక్‌పోస్టు భయమే. మా గదిలో శ్రీకాకుళం కుర్రాడికి పన్ను నొప్పొచ్చి చెంప వాచిపోయింది. ఇన్సూరెన్సు కూడా కార్డుతోనే ముడి. మెడికల్ షాపు మాత్రలు మింగుతూ పడుకున్నాడు.

కారణం చాలా ఆలస్యంగా తెలిసింది. నితాఖాత్ అని 2011లో ఒక పద్ధతి పెట్టారు. సౌదీవాళ్ళని సరిపడా పనిలో పెట్టుకోని కంపెనీ ఎరుపు వర్గంలో పడుతుంది, వర్క్ పర్మిట్లు ఆగిపోతాయి. మా కంపెనీ ఎరుపులో పడింది. మాకు చెప్పలేదు. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం అకామా ఫీజూ, ఆలస్యమైతే జరిమానా యజమానివే. పోలీసులు ఆపితే లోపలికి వెళ్ళేది మాత్రం మేం.

తర్వాత జీతాలూ ఆగాయి. ఇంటికి పోదామంటే అప్పట్లో ఎగ్జిట్ వీసా యజమానే కొట్టించాలి. బయట పని చూసుకుంటే పారిపోయాడని ‘హురూబ్’ పెడతాడు. మాలో కొందరి మీద పెట్టాడు కూడా. అమ్మ ఫోన్లో “డబ్బులేటి వొద్దు, వచ్చీరా నాయనా” అనేది. రావడం నా చేతిలో లేదని ఆవిడకి చెప్పలేక సిగ్నల్ లేదని పెట్టేసేవాణ్ణి.

2017 మార్చి 29న సౌదీ ప్రభుత్వం క్షమాభిక్ష మొదలుపెట్టింది. కాగితాల్లేనివాళ్ళు 90 రోజుల్లో జరిమానా, జైలు లేకుండా వెళ్ళిపోవచ్చన్నారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. దాని బదులు మన రాయబార కార్యాలయం ఇచ్చిన ఔట్‌పాస్ పట్టుకుని, దేశం నుంచి పంపించే తర్‌హీల్ కేంద్రం దగ్గర ఎండలో బారులో నిలబడ్డాను. టికెట్టు డబ్బు మా బావ అప్పుచేసి పంపాడు. రావలసిన జీతం ఇప్పటికీ రాలేదు.

2021 మార్చి నుంచి యజమాని ఒప్పుకోకపోయినా పని మారడానికి, ఎగ్జిట్ అడగడానికి సౌదీలో కొంత వీలొచ్చింది. ఇంటిపనివాళ్ళకి, ఇళ్ళ డ్రైవర్లకి ఆ మార్పు వర్తించలేదు.

వెళ్ళే తమ్ముళ్ళు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటు రిజిస్ట్రేషన్ చూసుకోండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫొటోలు ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. 90 రోజులు దాటినా కార్డు చేతికి రాకపోతే ఆ వారమే రాయబార కార్యాలయానికి ఫిర్యాదు పెట్టండి. కంపెనీ చెప్పే రేపు కోసం ఆగకండి.