కొలువూ, పనీ

గత వేసవిలో ఒక రాజీనామా ఉత్తరం రాసి, నెల్లాళ్లపాటు బల్లసొరుగులో దాచుకున్నాను. ఆ నెల్లాళ్లలో నేను తెలుసుకున్నది చిన్న విషయమే. అయినా నాబోటి అధ్యాపకులకూ, రేపు కొలువుల్లో చేరబోయే విద్యార్థులకూ పనికివస్తుందేమోనని రాస్తున్నాను.

హైదరాబాదు అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు శిక్షణ ఇచ్చే సంస్థ ఒకటి తెలుగు సాహిత్యం చెప్పడానికి నన్ను రమ్మన్నది. జీతం ఇప్పటి రాబడికి రెట్టింపు. నేను కళాశాలలో గెస్టు లెక్చరరును. చెప్పిన పీరియడుకే డబ్బు. సెలవుల్లో ఏమీ లేదు. మిత్రుల్లో ఒకరు, "అన్నవస్త్రాలకు పోతే వున్న వస్త్రాలు వూడిపోతాయి" అన్నారు. మరొకరు, "నువ్వు కూడా విద్యావ్యాపారంలో చేరతావా?" అని నిలదీశారు. మొదటిది భయం పలికించిన మాట. రెండోది నెలనెలా జీతం అందుకునేవారి మాట. కార్మికుడు కూలి పెంచమంటే న్యాయమనే మనం, ఇంటి అద్దెకు తడుముకునే అధ్యాపకుడు ఎక్కువ జీతం కోరితే పతనమనడం సబబు కాదు.

అయితే జీతం ఒక్కటే కారణమైతే ఉత్తరం ఆనాడే ఇచ్చి వుండేవాణ్ణి. ఎందుకివ్వలేకపోయాను?

నా కారణాలను కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, జీతం. రెండు, కళాశాలలో తెలుగుకు గౌరవం లేకపోవడం. మూడు, తీరిక దొరికితే సాహిత్య విమర్శ రాసుకోవచ్చుననే ఆశ. మూడోది అబద్ధమని రాస్తూండగానే తెలిసింది. ఆ సంస్థలో పొద్దున ఆరింటికి మొదలయ్యే తరగతులు రాత్రిదాకా సాగుతాయి. మొదటిది పూర్తిగా నిజం. తరచి చూడవలసింది రెండోదాన్నే.

ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకున్న పిల్లలు ఎందరో డిగ్రీ తరగతిలో నా ముందు కూర్చుంటారు. పద్యం చూస్తే బెదురుతారు. తప్పు వాళ్లది కాదు. చదువును సరుకుగా మార్చిన వ్యవస్థది. ఈ మాట సభల్లో ఎన్నోమార్లు చెప్పాను. కాని ఆ పిల్లల కోసం నా పాఠంలో నేను ఏం మార్చాను? తొమ్మిదేళ్లనాటి నోట్సు తీసి చూశాను. కాగితాలు పసుపుబారాయి. నేటికీ తరగతిలో చెబుతున్నవి ఆ మాటలే. ఖాళీ బెంచీలకు వ్యవస్థతోపాటు ఆ నోట్సూ కొంత కారణమే. నా విమర్శ నిజమైనదే. దాని చాటున నేను దాక్కోవడమూ నిజమే.

ఆ రోజుల్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం మళ్లీ చదివాను. ఆయన 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరి, సుమారు ముప్ఫై ఏళ్లు చదువు చెప్పి, 1911లో తనంతట తాను కొలువు విరమించారు. మనం ఆ విరమణను త్యాగంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అంతకు ముందటి ఏళ్లే ముఖ్యమనిపించాయి. కొలువులో వుండగానే ఆయన సవరభాష నేర్చారు. సవరపిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాశారు. సొంత డబ్బు ఖర్చుపెట్టారు. బడిలోని తెలుగుకూ జనం నోటి తెలుగుకూ మధ్య అగాధమెందుకని పోరు ప్రారంభించారు. అంటే ఆయన పని ముందే మారింది. కొలువు ఆ తరువాత వదిలారు. సవర వ్యాకరణం 1931లో, విరమణ తరువాత ఇరవై ఏళ్లకు వెలువడింది.

నా విషయంలో మారబోయేవి చోటూ, జీతమూ మాత్రమే. ఒక ఆదివారం ఆ సంస్థలో నమూనా పాఠం చెప్పాను. ఏ ఛందస్సు, ఎన్నో ఆశ్వాసం, కృతిభర్త ఎవరు అని పద్యాన్ని బిట్లుగా కోశాను. వూళ్లనుంచి వచ్చి, అద్దెగదుల్లో వుంటూ, ఉద్యోగం కోసం ఏళ్లతరబడి చదువుతున్న డెబ్బైమంది శ్రద్ధగా రాసుకున్నారు. వాళ్ల అవసరం తక్కువది కాదు. చివర ఒక అమ్మాయి, "సార్, ఆ పద్యం తాత్పర్యం చెబుతారా?" అని అడిగింది. వ్యవధి అయిపోయింది. తిరిగి వస్తూ సిగ్గుపడ్డాను. కళాశాలలో వ్యవధి వుంది, అడిగేవారు లేరు. అడగాలనిపించేటట్టు నేను చెప్పడం లేదు.

ఉత్తరం చింపలేదు. తేదీ వేయవలసిన చోటు ఖాళీగా వుంచాను. ఈ ఏడు ఆ నోట్సు పక్కన పెట్టి, పిల్లలచేత వాళ్ల ఇళ్లలోని సామెతలూ, పాటలూ రాయించి, అక్కణ్ణుంచి పద్యానికి నడుస్తున్నాను. పన్నెండు నెలల జీతం కోరుతూ గెస్టు లెక్చరర్లు రాసిన వినతిపత్రంమీద సంతకం చేశాను. ఇన్నాళ్లూ, "ఎలాగూ వెళ్లిపోయేవాణ్ణే కదా" అని తప్పుకున్నాను.

వచ్చే జూన్‌లో వెళితే వెళతాను. ఆత్మవిమర్శ అంటే వున్నచోటనే పడి వుండమనే వేదాంతం కాదు. మారదలచిన మిత్రులు నిరభ్యంతరంగా మారవచ్చు. రాజీనామా ఇచ్చేముందు ఒకమారు పాత నోట్సు తీసి చూసుకోవాలని మాత్రం నా మనవి.