నాయన రాయి

వేంపల్లె కొండల్లో ఏరుకొచ్చిన చిన్న రాయొకటి మా నాయన దగ్గర ఉంది. ఉల్లిపాయలో ఉన్నట్టు పొరలు. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు నీళ్లలో సూక్ష్మజీవులు పేర్చినవవి. పగలగొట్టకుండా లోపల చూడాలని ఆయన ఆశ.

ఒక ప్రయోగశాలలో మైక్రో సీటీ యంత్రం ఉందంటే తీసుకెళ్లాను. రాయిని తిప్పుతూ వందల ఎక్స్‌రేలు తీస్తే, కంప్యూటర్ వాటిని కలిపి లోపలి రూపం కడుతుంది. తెరకు అడ్డంగా 2000 చుక్కలనుకోండి. 4 సెంటీమీటర్ల రాయికి చుక్క 20 మైక్రాన్లు. 2 మైక్రాన్ల వివరం కావాలంటే 4 మిల్లీమీటర్ల ముక్క కోయాలి. కిరణాలు పుట్టే చోటూ సన్నబడాలి, దాంతో కిరణాలు తగ్గి గంటలు పడుతుంది. తొందరపడితే బొమ్మంతా ఇసుక చల్లినట్టే! ఆ గరుకు తుడిచే ప్రోగ్రాములు ఇప్పుడొచ్చాయట.

“కోసేదానికైతే మనింట్లో సుత్తి లేదా ఏం?” అన్నాడు నాయన. రాయిని అట్లాగే పెట్టించాం. పొరలు లీలగా కనిపించాయి. ఆ బొమ్మకు ఫ్రేము కట్టించుకున్నాడు.