గానుగెద్దు, బొంగరం, కరెంటు తీగ

జూన్ 8

ఆఫీసులో త్రీడీ బొమ్మల లెక్కలన్నీ గ్రాఫిక్స్ కార్డే చూసుకుంటుంది. లోపలేం జరుగుతుందో ఒక్కసారైనా చేత్తో రాసి చూడాలని ఇవాళ కూర్చున్నాను. బొమ్మ పెద్దదేం కాదు: మా వీధి, వరసగా కరెంటు స్తంభాలు, వాటి మీద తీగ.

ముందుగా ఒక పెట్టెను తిప్పబోయాను. ఉన్నచోట తిరగకుండా గానుగెద్దులా పెద్ద చుట్టు చుట్టింది. ముందు పక్కకు జరిపి, ఆ తర్వాత తిప్పాను మరి. తిప్పడమేమో ఎప్పుడూ మూలబిందువు చుట్టూనే. ప్రోగ్రాంలో ఆ రెండు లైన్లూ తారుమారు చేస్తే బొంగరమైంది. ఒక్కో లైనూ ఒక మాత్రికే. మాత్రికల గుణకారంలో క్రమం మారితే ఫలితం మారుతుందని ఇంటర్‌లో బట్టీపట్టిందే. కళ్లతో చూడటం ఇవాళే.

జూన్ 9

తిప్పడానికీ సాగదీయడానికీ మూడు వరసల మాత్రిక చాలు. జరపడం మాత్రం దానివల్ల కాదు. సున్నాను దేంతో గుణించినా సున్నాయే కాబట్టి మూలబిందువు కదలదు. అందుకే ఎక్స్, వై, జెడ్ పక్కన నాలుగో సంఖ్యగా 1 పెట్టి, నాలుగు వరసల మాత్రిక వాడతారు. ఈ తరహా నిరూపకాలు 1827లో జర్మన్ గణితజ్ఞుడు మోబియస్ పుస్తకంలోవి. 1963లో ఎం.ఐ.టి.లో లారెన్స్ రాబర్ట్స్ తన పరిశోధనలో వాటిని కంప్యూటర్ బొమ్మల దగ్గరికి తెచ్చాడు.

జూన్ 11

దూరంగా ఉన్నది ఎంత చిన్నగా కనబడుతుందో చూద్దామని సాయంత్రం డాబా ఎక్కి, స్కేలును కంటికి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని స్తంభాలు కొలిచాను. ఎత్తు 8 మీటర్లు అనుకుంటే, 40 మీటర్ల దూరంలోది 10 సెంటీమీటర్లు ఉండాలి, 80 మీటర్లలోది 5, 120లోది మూడుంబావు పైచిలుకు. కొలత దాదాపు అలాగే వచ్చింది. ఎత్తును దూరంతో భాగించడం, అంతే.

కానీ మాత్రికకు గుణించడం, కూడటం తప్ప ఒక నిరూపకంతో ఇంకోదాన్ని భాగించడం చేతకాదు. కిటుకు ఇక్కడే ఉంది. దూరాన్ని తీసుకెళ్లి ఆ నాలుగో గడిలో పెట్టేస్తుంది. చివర్లో మిగతావాటిని దాంతో భాగిస్తాం. జరపడానికని పిలిచిన సంఖ్యే దూరం లెక్కా చూసిపెట్టింది!

జూన్ 12

బొమ్మలోని కెమెరాను, అంటే చూసే కంటిని, వీధిలో ముందుకు నడిపించాను. దాటేసిన స్తంభం ఒకటి తలకిందులుగా ఎదుట ప్రత్యక్షమైంది. నెత్తిమీదుగా పోవాల్సిన తీగ కిందికి దిగి రోడ్డులో దూరింది. గంటన్నర తల పట్టుకున్నాక దొరికింది: స్తంభం 5 మీటర్లు వెనక ఉంటే దూరం -5. భాగిస్తే పైది కిందవుతుంది. అసలు దూరం సున్నా అయినచోట భాగించడానికే లేదు.

మందు ఏమిటంటే, కెమెరాకు 10 సెంటీమీటర్ల ముందు ఒక అడ్డుతలం అనుకుని, తీగను అక్కడ కోసి, ముందున్న ముక్కను మాత్రమే భాగించాలి. కోత ముందు, భాగహారం తర్వాత. మళ్లీ క్రమమే!

రాత్రి డాబా మీద నిలబడి తీగ వెంట చూపు పోనిచ్చాను. స్తంభం నుంచి వచ్చి, పెద్దదై, నెత్తిమీదికొచ్చి ఎక్కడో కనబడకుండా పోయింది. తల తిప్పకుండా ఆ చివర పట్టుకోవాలని చూశాను. దొరకలేదు.