పాత త్రీనాట్‌త్రీకి గురి కుదర్చడం

కెనడాలో, ఒంటారియో పల్లెల్లో, పెద్దవాళ్లు పోయాక పిల్లలు సామాను పంచుకునేటప్పుడు అలమారా వెనక నుంచి తరచూ ఒక తుపాకీ బయటపడుతుంది. ముందరి చెక్క సగానికి కోసేసి, గొట్టం బోడిగా మిగిలిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ అది. మన పోలీస్ స్టేషన్లలో కానిస్టేబుళ్ల భుజాలకి దశాబ్దాల తరబడి వేలాడిన త్రీనాట్‌త్రీకి తోబుట్టువు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యాలు వీటిని చవగ్గా అమ్మేశాయి. రైతులూ, అడవిలో కలప కొట్టేవాళ్లూ కొనుక్కుని, బరువు తగ్గుతుందని చెక్క కోసేసి, జింకల వేటకీ మూస్ వేటకీ తీసుకెళ్లారు. ఆ కోతల్లోనే చాలావాటికి సైట్లు పోయాయి.

ఎన్.సి.సి. రోజుల నుంచీ తుపాకీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం సైటే. ఫోర్‌సైట్ మొన, బ్యాక్‌సైట్ గాడి, దూరాన లక్ష్యం ఒక్క వరసలోకి వచ్చే క్షణం కోసమే చలికాలంలో కూడా తెల్లారకముందే మైదానానికి పరిగెత్తేవాణ్ణి. అందుకే సైట్లు లేని వేట తుపాకీని చూస్తే మనసు కలుక్కుమంటుంది. గుండెకి తగలాల్సిన తూటా కడుపులో తగిలితే జింక వెంటనే పడదు. పొదల్లో ఎక్కడో గంటల తరబడి యాతనపడి చస్తుంది. వేట తప్పా ఒప్పా అన్నది ఎవరి నమ్మకం వారిది. వేటాడేవాడు మాత్రం సరైన గురిని ఆ జంతువుకి బాకీ ఉన్నాడని నా అభిప్రాయం.

మా పక్కింటి పెద్దాయన వాళ్ల నాన్న తుపాకీని తెచ్చి, ఏ సైటు కొనమంటావని అడిగాడు. అది ఏ తుపాకీయో తేలకుండా ఏ సైటని చెప్పను? ముందు బోల్ట్ వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, అప్పుడు ముద్రలు చదవడం మొదలుపెట్టాం.

వేట తుపాకులుగా మారిన లీ-ఎన్‌ఫీల్డ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి యుద్ధం నాటి నంబర్ 1 మార్క్ 3కి బ్యాక్‌సైట్ గొట్టం మీద, కంటికి బాగా ముందుగా ఉంటుంది. కిరీటం, కర్మాగారం పేరు, సంవత్సరం సాధారణంగా కుడివైపు, వెనక చెక్క మొదలయ్యేచోట ఉన్న ఉక్కు భాగం మీద కనిపిస్తాయి. ఇంగ్లాండులోని ఎన్‌ఫీల్డ్ కావచ్చు, ఆస్ట్రేలియాలోని లిత్‌గో కావచ్చు, మన బెంగాల్లోని ఇషాపూర్ కూడా కావచ్చు. రెండో యుద్ధపు నంబర్ 4కి బ్యాక్‌సైట్ బోల్ట్ వెనక, కంటికి దగ్గరగా ఉంటుంది. దాని ఎడమ గోడ చదును. ఎక్కడైనా డి.పి. అన్న అక్షరాలుంటే ఇక ముందుకి వెళ్లకూడదు. కవాతుకే తప్ప కాల్చడానికి పనికిరాదని సైన్యమే కొట్టిన ముద్ర అది.

పెద్దాయన తుపాకీ ఎడమ గోడని నూనె గుడ్డతో రుద్దితే లాంగ్ బ్రాంచ్, 1943 అని తేలింది. నాకు ఒళ్లు పులకరించింది. టొరంటో పక్కనే ఉండేది ఆ కర్మాగారం. యుద్ధకాలంలో అక్కడ పనిచేసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. దాని తనిఖీ భవనం ఇప్పటికీ మిస్సిసాగాలో ఉంది, ఇప్పుడది కళాకేంద్రం. ఆ ఊళ్లో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాల్లో ఎందరు దాని ముందు నుంచి రోజూ కార్లలో పోతున్నారో!

తర్వాత బోల్ట్ మూసి, గొట్టం మూతిలోంచి శుభ్రం చేసే కడ్డీని బోల్ట్‌కి తగిలేదాకా దించి కొలిచాం. సుమారు 25.2 అంగుళాలు. అంటే గొట్టాన్ని ఎవరూ కోయలేదు. ఫోర్‌సైట్ దిమ్మ చెక్కు చెదరకుండా ఉంది, దానిలో ఉండాల్సిన పలకే లేదు. వెనక బ్యాక్‌సైట్ కూడా లేదు. బోల్ట్ పిడి మీద అంకె, తుపాకీ మీద అంకె ఒకటే. అయినా తూటా కూర్చునే చోటు కొలత సరిగ్గా ఉందో లేదో తుపాకుల మేస్త్రీ చేత చూపించుకోమన్నాను. అది ఇంట్లో అంచనా వేసే విషయం కాదు.

ఇక సైటు. టెలిస్కోప్ పెట్టుకోమని దుకాణంలో ఆయనకి చెప్పారట. నేను వద్దన్నాను. యుద్ధంలో నంబర్ 4లని ఏరి, హాలండ్ అండ్ హాలండ్ సంస్థకి పంపించి టెలిస్కోపులు బిగించిన మాట నిజమే. అది ఆరితేరిన చేతుల పని. డ్రిల్ పట్టుకుని ఎనభై ఏళ్ల ఉక్కుకి వంకరగా బెజ్జాలు పొడిచిన తుపాకుల్ని చూశాను. పడ్డ బెజ్జం పూడదు. అసలు బ్యాక్‌సైట్ ఒక్క పిన్ను మీద నిలబడుతుంది. సైన్యం ఈ తుపాకీకి నాలుగు రకాల బ్యాక్‌సైట్లు చేయించింది, ఒకదాని చోట ఇంకొకటి పడుతుంది. 300, 600 గజాలకి అటూ ఇటూ మడిచే సాదా రకం ఉంది, మరతో పైకీ కిందికీ జరిపే రకం ఉంది. ఆయన రెండోది కొన్నాడు.

ఈ బ్యాక్‌సైట్‌లో ఉండేది గుండ్రటి రంధ్రం. చత్వారం వచ్చిన కంటికి ఇంతకన్నా మేలు చేసేది లేదు. గాడి ఉన్న సైటుతో గాడినీ, మొననీ, జింకనీ మూడింటినీ స్పష్టంగా చూడాలని కన్ను తంటాలు పడుతుంది, అరవై దాటాక అది దాని వల్ల కాదు. రంధ్రంలోంచి చూసేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు, కన్ను తనంతట తానే మధ్యకి చేరుతుంది. మొన మీద చూపు నిలిపితే చాలు.

అసలు నేర్పంతా ముందరి పలకలో ఉంది. అవి అంగుళంలో వెయ్యో వంతులు 15 చొప్పున ఎత్తు పెరుగుతూ, మీద అంకెలతో దొరుకుతాయి. నంబర్ 4లో సైట్ల మధ్య దూరం 28 అంగుళాల పైచిలుకు. కాబట్టి ఒక్క మెట్టు మారిస్తే 100 గజాల దగ్గర తూటా దాదాపు 2 అంగుళాలు జరుగుతుంది. తూటా పైన తగులుతుంటే ఎత్తు పలక పెట్టాలి, కింద తగులుతుంటే పొట్టి పలక. పక్కకి పోతుంటే, ఏ పక్కకి పోతోందో ఆ పక్కకే పలకని ఇత్తడి కడ్డీతో తట్టి జరపాలి. చాలామంది ఇక్కడే తికమకపడతారు. బ్యాక్‌సైట్ అయితే తూటా ఎటు వెళ్లాలో అటు జరుగుతుంది, ముందరిది దానికి వ్యతిరేకం.

సైన్యం పెట్టిన పాత పలక దొరికినా ఇప్పుడది సరిపోతుందని నమ్మకం లేదు. గొట్టం మూతి దగ్గర చెక్క ఆనుకుని ఉండగా కాల్చి కుదిర్చిన ఎత్తు అది. చెక్క కోసేశాక గొట్టం అదిరే తీరు మారుతుంది, తూటా తగిలేచోటూ మారుతుంది. అందుకే ఎత్తైన పలకతో మొదలుపెట్టమన్నాను. మొదటి తూటాలు 100 గజాల దగ్గర 6 అంగుళాలు కింద పడ్డాయి. మూడు మెట్లు పొట్టిది వేశాక నల్లటి వృత్తంలోకి వచ్చాయి. సరైన పలక దొరక్కపోతే ఎత్తుదాన్నే ఆకురాయితో కొద్దికొద్దిగా దించుకోవచ్చు. పొట్టిదాన్ని పెంచే దారి లేదు.

వేటకి ఏ తూటా తీసుకెళ్తారో దానితోనే గురి కుదుర్చుకోవాలి, బరువు మారితే తగిలే ఎత్తు మారుతుంది. గురి కుదిరాక పలక మీదా దిమ్మ మీదా పడేలా గోళ్లరంగుతో ఒక సన్నని గీత గీయించాను. నవంబరులో జింకల వేటకి బయల్దేరే ముందు ఆ గీత విడిపోయిందేమో ఆయన చూసుకుంటాడు, విడిపోతే మళ్లీ కాగితం మీద కాల్చి చూశాకే అడవికి.