సెలవు లేని సెలవులు

పండగ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే వయసు ఒకటుంటుంది. ఎప్పుడు వెళుతుందా అని ఎదురుచూసే వయసు మరొకటి ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో పెళ్లి ఉంటుందని మా స్నేహితురాలు అంటుంది. నేను అంత మాట అనను గానీ, సంక్రాంతి వెళ్లిన మర్నాడు అద్దంలో నా మొహం చూసుకుంటే ఆవిడ మాట కాదనడానికీ ధైర్యం చాలదు.

మన తెలుగులో "సెలవు" అనే మాట మహా తమాషా అయినది. ఆఫీసుకి వెళ్లక్కర్లేకపోతే సెలవు. వచ్చిన చుట్టం గుమ్మం దిగుతూ చెప్పేదీ సెలవే. పూర్వం కోడలు పుట్టింటికి వెళ్లాలంటే అత్తగారి దగ్గర పుచ్చుకోవలసిందీ సెలవే. విశ్రాంతికీ, వీడ్కోలుకీ, అనుమతికీ మనవాళ్లు ఒకటే మాట సరిపెట్టారు. మొదటిది మగవాళ్లకీ, పిల్లలకీ వెళ్లింది. రెండోది అందరికీ వచ్చింది. మూడోది మాత్రం ఎప్పుడూ మనం అడగడమే, ఇంకొకరు ఇవ్వడమే.

మేముండేది హైదరాబాదులో. మా అత్తవారిది తెనాలి దగ్గర పల్లెటూరు. పండక్కి ఊరెళ్లడమంటే దండయాత్రే! ఇదివరకు రైలు టిక్కెట్టు 120 రోజుల ముందు తీసుకునేవాళ్లం. 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులు చేశారు. పోనీలే, నాలుగు నెలల బెంగ రెండు నెలలకి తగ్గిందని సంతోషించాను. తీరా ఆ రోజు పొద్దున్న ఎనిమిది గంటలకి ఇంటిల్లిపాదీ తలో ఫోనూ పట్టుకుని కూర్చుంటే, ఎనిమిదీ అయిదయ్యేసరికి వెయిటింగ్ లిస్టు చెయ్యి చూపించింది. చివరికి కారే గతి అయింది. పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు చీమల బారులా ఆగిపోయాయి. అందరూ ఆవులిస్తూ విసుక్కుంటుంటే, నేను మాత్రం కొత్త బెల్లం, నువ్వులు, మినప్పప్పు, వచ్చే జనం, చాలని దుప్పట్లు అంటూ మనసులో జాబితా రాసుకుంటున్నాను. ఇంకా ఊరు చేరకుండానే సగం పండగ చేసేశానన్నమాట.

ఇక ఊరు చేరాక మా సావిడి సంగతి చెప్పాలి. మామగారు పోయి ఆరేళ్లయినా ఆయన పడక్కుర్చీ అక్కడే ఉంది. దాని చుట్టూ మావారు, మా మరిది, ఆడబడుచు భర్త అన్నయ్యగారు, పక్కింటి లెక్కల మాస్టారు కూర్చుంటారు. 2024 మే 13న ఓట్లు పడ్డాయి, జూన్ 4న ఫలితాలొచ్చాయి. లోకమంతా ఆ సంగతి వదిలేసినా మా సావిట్లో మాత్రం లెక్కింపు ఇంకా పూర్తి కాలేదు. ఎవరు ఎందుకు గెలిచారో, ఎవరు ఎందుకు ఓడారో రోజూ మొదటి రౌండు నుంచీ మొదలవుతుంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన మహిళా రిజర్వేషను మీద కూడా నలుగురు మగవాళ్లూ గంటసేపు చర్చించారు. చట్టసభల్లో ఆడవాళ్లకి మూడో వంతు స్థానాలివ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. సావిట్లో మాత్రం ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు.

నేను చదివింది బి.ఏ. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం. ఆ నలుగురిలో రాజనీతి పుస్తకం ముట్టినవాళ్లు లేరు. అయినా నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఇందులో పంచదార వేశావా?" అని.

కాఫీ గ్లాసులు ఎత్తుకొస్తుంటే నాకు కాలేజీ రోజుల్లో చదువుకున్న సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లకి ఓటు లేకుండా పోయింది. చట్టం ఇవ్వక కాదు. నీ పేరేమిటని అడిగితే ఫలానావారి భార్యననో, ఫలానా అబ్బాయి తల్లిననో చెప్పారు తప్ప సొంత పేరు చెప్పలేదు. పేరు లేనివాళ్లకి జాబితాలో చోటు లేదన్నారు ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది వాళ్లే. మనకేం, మన పేర్లు జాబితాలో భద్రంగా ఉన్నాయి. కానీ ఆ పండగ రోజుల్లో నన్ను పిలిచిన పిలుపులన్నీ లెక్క పెట్టుకున్నాను. అక్కయ్యా, అత్తయ్యా, పెద్దమ్మా, అమ్మా, ఏమోయ్! ఒక్కసారైనా నా పేరు నా చెవిన పడలేదు. నవలల అట్టల మీద లేకపోతే నాకే మరుపొచ్చేదేమో.

సావిట్లో అసలు వేడి పుట్టించిన విషయం ఉచిత పథకాలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితం చేశారు కదా, దాని మీద పడ్డారు. "అన్నీ ఊరికే ఇస్తూ పోతే జనం సోమరులైపోరూ?" అని మా మరిది గొంతు అన్నిటికన్నా పైకి లేచింది. ఆ వాదన మొత్తం నాలుగో విడత కాఫీ తాగుతూ జరిగింది. ఆ కాఫీ మాత్రం ఏ పథకం కింద వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు.

ప్రభుత్వంవారు 2024లో జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో దేశమంతటా సర్వే చేశారు. జీతం బత్తెం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు సగటున రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారట. ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఆ 88 నిమిషాలు ఎవరింట్లో జరుగుతున్నాయో గానీ, ఆ ఇల్లాలికి నా నమస్కారాలు. మన 289 నిమిషాలు అంటే అయిదు గంటలకి ఓ పదకొండు నిమిషాలు తక్కువ. అది మామూలు రోజుల సగటు. పండగ రోజు ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఈ దేశంలో అన్నిటికన్నా పాత ఉచిత పథకం ఏదంటే నేను వంటిల్లు చూపిస్తాను. అది ఏ ప్రభుత్వం పెట్టిందీ కాదు, ఏ ప్రభుత్వం పడిపోయినా ఆగేదీ కాదు.

ఈ సంగతే పెరట్లో బియ్యం కడుగుతున్న మనిషితో అన్నాను. పండగ పనికి సాయం వస్తుంది ఆవిడ. "బస్సు ఊరికే అయినందుకు నీకేమాత్రం కలిసొచ్చింది?" అని అడిగితే నవ్వింది.

"ఛార్జీ సంగతి కాదమ్మా. ఇదివరకు మా అమ్మని చూడ్డానికి రేపల్లె పోవాలంటే మా ఆయన్ని డబ్బులు అడగాల. అడిగితే ఎందుకు, ఏమిటి, ఎప్పుడొస్తావ్ అని ఆరాలు. ఇప్పుడు బస్సెక్కి పోతన్నా. వచ్చినాక చెబుతున్నా."

రాజనీతిశాస్త్రం మూడేళ్లు చదివిన నాకు ఇంత సూటి పాఠం ఏ లెక్చరరూ చెప్పలేదు. మిగిలింది ఛార్జీ డబ్బులు కాదు. ఆవిడకి సెలవు అడగనక్కర్లేకుండా పోయింది. ఆ మాట మాత్రం సావిట్లోకి వెళ్లలేదు. సావిట్లో మాటలు వంటింట్లోకి వస్తూనే ఉంటాయి గానీ, వంటింటి మాటలు గుమ్మం దాటవు.

అలా దాటకుండా ఉండిపోయే మాటలే మనల్ని అలసటకి గురిచేస్తాయని నాకిప్పుడు అనిపిస్తోంది. వెనక మన అమ్మమ్మలు మనకన్నా రెట్టింపు పని చేశారు. కానీ లోకంలో ఉన్న బెంగలన్నీ పోపులపెట్టె పక్కన పెట్టుకుని చేయలేదు. మా ఆడబడుచు ఫోను అక్కడే పెట్టుకుంది. వాళ్లబ్బాయి అమెరికాలో చదువు ముగించే దశలో ఉన్నాడు. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుమని ప్రకటించిన దగ్గర్నుంచీ ఆవిడకి నిద్ర లేదు. గారెల పిండి రుబ్బుతూ, చెయ్యి తుడుచుకుంటూ, కొడుకు మెసేజి చూశాడా లేదా అని నీలం గీతల కోసం వెతుక్కుంటుంది. మా అత్తగారిని ఫోనులో దొంగ పోలీసులు "డిజిటల్ అరెస్టు" అని బెదిరిస్తారేమోనని మావారి భయం. వీడియోలో ఎవరూ ఎవర్నీ అరెస్టు చెయ్యరనీ, అలాంటివాళ్లు ఫోన్ చేస్తే 1930కి చెప్పాలనీ ఆవిడకి నూరిపోశారు. ఆవిడ అంతా విని, "చేస్తే చెయ్యనీరా! వచ్చి తీసుకుపొమ్మను. నాలుగు రోజులు వంట తప్పుతుంది" అంది. డెబ్బై దాటిన మనిషికే అలా అనిపిస్తే నలభైల్లో ఉన్న నా సంగతేమిటి?

భోగి ముందురోజు అరిసెల పని పెట్టుకున్నాం. ముందునాడు నానబోసిన బియ్యం పిండి పట్టించి, తడి ఆరకుండా జల్లిస్తుంటే మా తోటికోడలు నా పక్కన కూర్చుని, మెల్లిగా, "ఎవరితోనూ అనకండి అక్కయ్యా. ఆయనకి ఉద్యోగం పోయింది. దీపావళి ముందే" అంది.

నా చేతిలో జల్లెడ ఆగిపోయింది. "మరి కంపెనీ ఈసారి పది రోజులు సెలవిచ్చిందని అత్తయ్యగారితో..."

"సెలవే మరి" అంది తలెత్తకుండా. కళ్లు తుడుచుకుంది. పాతకాలంలో అయితే కట్టెల పొయ్యి పొగ మీదకి నెట్టేసేవాళ్లం. గ్యాసు వచ్చాక ఆడవాళ్లకి ఆ ఆసరా కూడా పోయింది.

ఫ్లాటు వాయిదాలు, ఇద్దరు పిల్లల ఫీజులు, చెప్పుకోలేని నామోషీ. రెండున్నర నెలలుగా మొగుడి మొహం, పిల్లల మొహం చూస్తూ ఆ పిల్ల నవ్వుతూ తిరుగుతోంది. అప్పుడర్థమైంది నాకు, సావిట్లో ఆ గొంతు అంతలా ఎందుకు లేస్తోందో. ఎవరికో ఏదో ఊరికే దొరుకుతోందన్న కోపం కాదది. తనకి ఎవరూ ఏమీ ఇవ్వరేమోనన్న భయం. మగవాళ్లకి భయపడే అలవాటు నేర్పలేదు మనం. అందుకని వాళ్ల భయం రాజకీయం వేషం వేసుకుని సావిట్లో కూర్చుంటుంది.

నేను ఎవరితోనూ అనలేదు. అనవలసిన పని కూడా లేకపోయింది. పాకం పొయ్యి మీదకెక్కాక మా అత్తగారే కేకేసింది. "ఒరే చిన్నోడా, నీ నోరు చాలు గానీ చెయ్యి కాస్త ఇటివ్వు. నాలుగు కిలోల పిండి మా వల్ల కాదు." అరిసెల పిండి కలపాలంటే బలం కావాలని మీకు తెలుసు. నీళ్లలో పాకం ఉండకట్టగానే నేను పిండి పోస్తున్నాను, అతను తెడ్డు తిప్పుతున్నాడు. ఆవిడ నువ్వులు చల్లుతూ, అతని వంక చూడకుండానే అడిగింది.

"ఇదివరకు పండగ పూటైనా ఆ కంప్యూటరు మూసేవాడివి కాదు. ఈసారి సంచీలోంచి తియ్యనే లేదేం?"

తెడ్డు ఆగింది. కాసేపటికి అతనే చెప్పాడు.

"తిప్పడం ఆపకు, అడుగంటుతుంది" అంది ఆవిడ ముందు. తరవాత అంది, "ఉప్పెన వచ్చిన ఏడు కోతకొచ్చిన వరంతా నేలకి అంటుకుపోయింది. ఈ సంగతి మీ పుట్టింట్లో చెప్పద్దన్నారు మీ నాన్న. అప్పు తెచ్చి అరిసెలు వండించారు. చెప్పకపోతే పంట లేచి నిలబడిందా?"

ఆవిడ చెప్పేది 1977 నవంబరులో వచ్చిన దివిసీమ ఉప్పెన సంగతి. ఆ గాలి కృష్ణా, గుంటూరు జిల్లాల పొలాలను ఎలా ముంచిందో ఆ తరం ఇంకా మరిచిపోలేదు. ఆ ఏటి అరిసెల రుచి ఎలా ఉందని ఎవరూ ఆవిడని అడిగి ఉండరు.

ఆ సాయంత్రం సావిట్లో గొంతులు తగ్గాయి. టీవీలో చర్చ నడుస్తోంది గానీ ఎవరూ చూడ్డంలేదు. వాయిదాలకి ఎన్ని నెలల నిల్వ ఉంది, ఎవరిని అడగాలి, ఫ్లాటు అద్దెకిచ్చి కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉంటే ఎలా ఉంటుంది అని లెక్కలు మొదలయ్యాయి. మొట్టమొదటిసారి మా తోటికోడలు గుమ్మం దగ్గర నిలబడకుండా లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఉద్యోగం రాలేదు. బెంగ తీరలేదు. కానీ మర్నాడు భోగిమంట దగ్గర ఆ పిల్ల మొహంలో కాస్త నిద్రపోయిన కళ కనిపించింది. అయినా మావారు ఆ సాయంత్రం కూడా కాఫీ అడిగారనుకోండి. అన్నీ ఒక్క పండక్కే మారిపోతాయా?

పండగ అలసట పిండివంటల వల్ల వస్తుందని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. అరిసెలు రెండు రకాల బదులు ఒక రకం చేసుకోవచ్చు, పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించుకోవచ్చు. ఒళ్లునొప్పులు రెండు రాత్రుల నిద్రతో పోతాయి. కానీ ఇంటిల్లిపాది బెంగలనీ మూతపెట్టి, పైకి పొంగకుండా చూసే కాపలా ఉంది చూశారూ, దానికి ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. ఆ మూత తీయడానికి చట్టాలూ పథకాలూ అక్కర్లేదు. సావిట్లో వాళ్లని ఓ తెడ్డు చేతికిచ్చి వంటింట్లోకి పిలవాలి. వంటింట్లో వాళ్లం వెళ్లి సావిట్లో ఓ కుర్చీ లాక్కోవాలి. ఏమో, ఆ 88 నిమిషాలు కూడా అలాగే పెరుగుతాయేమో!

వచ్చే సెలవులకి నేనూ నాలుగు రోజులు మా అమ్మ దగ్గరికి వెళ్లి, ఏ పనీ చెయ్యకుండా పడుకుందామనుకుంటున్నాను. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. బస్సెక్కాక చెబుతాను.